దారి దొరకని మెసేజీ ఎక్కడికి పోతుంది?

హైదరాబాదు వైపు నుంచి వచ్చే రైలు వికారాబాదు జంక్షన్‌లో రెండు దార్లలో ఒకటి పట్టాలి. ఒకటి తాండూరు మీదుగా వాడికి పోతుంది. రెండోది మా మర్పల్లి, కోహీరు, జహీరాబాదు, బీదరు మీదుగా పర్లీకి. డ్రైవరుకు తను ఎక్కడికి పోవాలో తెలుసు గానీ ఆయన చేతిలో స్టీరింగు లేదు. ఏ బండి వస్తోందో చూసి స్టేషను వాళ్ళు పాయింట్లు అటు వైపుకి మారుస్తారు, అవి కదలకుండా లాక్ పడ్డాక సిగ్నలిస్తారు. బండి పోతుంది.

సాఫ్టువేరులో మనం కంటెంట్ బేస్డ్ రౌటర్ అని గొప్పగా పిలుచుకునేది ఇదే. వచ్చిన మెసేజీలో ఏముందో చూడు, దాన్నిబట్టి ఫలానా క్యూలో వెయ్యి. ఆర్డరు అయితే ఇటు, రిటర్ను అయితే అటు. కొత్తగా చేరిన పిల్లలకి ఇంటిగ్రేషన్ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ఈ జంక్షన్‌తోనే మొదలుపెడతాను. మా ఊరి పేరు పదిమంది నోట్లో పడుతుందన్న స్వార్థం కూడా కొంచెం ఉందనుకోండి.

ఈ విషయాలకు బైబిలు లాంటి పుస్తకం గ్రెగర్ హోప్, బాబీ వూల్ఫ్ 2003లో తెచ్చిన ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ ప్యాటర్న్స్. మొత్తం 65 ప్యాటర్న్లు. అప్పట్లో ఎంక్యూ సిరీస్ వాడు ఒక పేరు, టిబ్కో వాడు ఒక పేరు, బిజ్‌టాక్ వాడు ఇంకో పేరు పెట్టుకుని ఎవరి గొడవలో వాళ్ళున్నప్పుడు, అందరికీ కలిపి ఉమ్మడి పేర్లు పెట్టిన పుస్తకం అది. స్ప్లిటర్, అగ్రిగేటర్, రెసిపియెంట్ లిస్ట్, రౌటింగ్ స్లిప్... తర్వాత 2007లో వచ్చిన అపాచీ క్యామెల్ ఆ పేర్లనే నేరుగా కోడులోకి దింపేసింది. చాయిస్, దాని కింద వెన్, ఇంకో వెన్, ఇంకో వెన్, చివర్న అదర్‌వైజ్.

నా గొడవంతా ఆ చివరి మాటతోనే. ఇంటర్వ్యూల్లో రౌటర్ గురించి అడిగితే వెన్‌ల గురించి అందరూ బ్రహ్మాండంగా చెబుతారు. బోర్డు మీద బొమ్మ కూడా వేస్తారు. "ఏ వెన్‌కీ పడని మెసేజీ వస్తే?" అని అడిగానంటే మాత్రం, పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా "డెడ్ లెటర్ క్యూలో వేస్తాం సార్" అని ఆగిపోతారు. వేశాక? "లాగ్ కూడా రాస్తాం సార్."

రైల్వే వాళ్ళకి ఈ సమస్య లేదు. దారి సెట్ కాకపోతే సిగ్నలు ఎర్రగానే ఉంటుంది. బండి ఆగుతుంది, డ్రైవరు కూత వేస్తాడు, జనం దిగి బీడీలు ముట్టిస్తారు, వెనక బండ్లు నిలబడతాయి. ఏదో తేడా వచ్చిందని పది నిమిషాల్లో అందరికీ తెలిసిపోతుంది. మన మెసేజీ కూత వెయ్యదు. పక్కకి తప్పుకుని కూర్చుంటుంది. వెనక వచ్చేవన్నీ దర్జాగా పోతుంటాయి, డాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది.

డెడ్ లెటర్ అన్న పేరు మనకి వచ్చింది పోస్టాఫీసు నుంచి. పోస్టు వాళ్ళది అసలు సిసలు రౌటింగు. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్ కోడు అచ్చంగా రౌటింగ్ కీ. తాండూరు 501141 తీసుకోండి. మొదటి అంకె చూస్తే ఏ ప్రాంతమో, మొదటి మూడూ చూస్తే ఏ సార్టింగ్ జిల్లానో, చివరి మూడూ చూస్తే ఏ పోస్టాఫీసో తెలిసిపోతుంది. కవరు విప్పక్కర్లేదు, హెడర్ చాలు. మరి అడ్రసు సరిగ్గా లేకపోతే? పంపినవాళ్ళకి తిప్పి పంపుతారు. పంపినవాళ్ళ అడ్రసూ లేకపోతే? అప్పుడు ఆ ఉత్తరం రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకి పోతుంది. దాని పాత పేరే డెడ్ లెటర్ ఆఫీసు.

అక్కడ ఒక ఉద్యోగి ఉంటాడు. ఆయన ఆ కవరు విప్పి, లోపల ఎక్కడైనా పేరో ఊరో ఉందేమో వెతికి, ఉంటే అటు పంపుతాడు. 1898 నాటి పోస్టాఫీసు చట్టం ఆయనకిచ్చిన అధికారం అది. (ఆ చట్టం స్థానంలో ఇప్పుడు 2023 నాటి కొత్త చట్టం వచ్చింది.) ఆ పాత చట్టంలో అదే ఉత్తరాన్ని పోస్టుమాన్ దారిలో విప్పితే నేరం, ఈయన విప్పితే డ్యూటీ. అంటే పోస్టల్ శాఖ ఆలోచించింది గది గురించి మాత్రమే కాదు. ఆ గదిలో ఎవరు కూర్చోవాలి, వాళ్ళ చేతిలో ఏ అధికారం ఉండాలి అన్నది కూడా చట్టంలో రాసుకుంది. మన సాఫ్టువేరు వాళ్ళు పోస్టాఫీసు నుంచి గదిని, దాని పేరుని తెచ్చుకున్నారు. ఆ ఉద్యోగిని మాత్రం అక్కడే వదిలేసి వచ్చారు.

హోప్, వూల్ఫ్ దీన్ని రెండు రకాలుగా విడదీశారు. మెసేజింగ్ సిస్టమ్ చేరవెయ్యలేకపోయినవి డెడ్ లెటర్ చానెల్‌కి. చేరాక, తీసుకున్నవాడికి అర్థం కానివి ఇన్‌వాలిడ్ మెసేజ్ చానెల్‌కి. మొదటి రకం చాలాసార్లు మళ్ళీ ప్రయత్నిస్తే పోతుంది. రెండో రకం వందసార్లు ప్రయత్నించినా పోదు, మనిషి చూడాల్సిందే. మన ప్రాజెక్టుల్లో రెండూ ఒకే గంపలో పడి ఉంటాయి, అది వేరే సంగతి.

ఇదంతా పుస్తకాల గోలలా అనిపిస్తే, మా వైపు ఇంటింటికీ తెలిసిన కథ ఒకటి చెబుతాను. భూమి రికార్డు. పార్టీల సంగతి నాకొద్దు. నేను చూసేది ఇంటిగ్రేషన్ వాడి కళ్ళతోనే.

వెనకటి పద్ధతిలో పొలం కొంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్ట్రేషన్. అది ఒక శాఖ. తర్వాత రెవెన్యూ రికార్డులో పేరు మారాలి, అంటే మ్యుటేషన్. అది తహసీల్దారు దగ్గర, ఇంకో శాఖ. రెండు సిస్టములు, ఇద్దరు ఓనర్లు, మధ్యలో కాగితం. రిజిస్ట్రేషన్ అయిన నాటి నుంచి పహాణీలో పేరు ఎక్కే నాటి వరకు వారాలు పట్టొచ్చు, ఏళ్ళూ పట్టొచ్చు. ఆ సందులోనే అదే భూమిని ఇంకొకరికి అమ్మేసిన ఘనులున్నారు. మన భాషలో చెప్పాలంటే ఈవెంచువల్లీ కన్సిస్టెంట్. కాకపోతే కన్సిస్టెంట్ కావాలంటే మధ్యలో కొన్ని చేతులు తడపాలి.

2017 సెప్టెంబరు 15న తెలంగాణ ప్రభుత్వం భూరికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టింది. గొడవ లేని భూములన్నీ పార్ట్ ఎ. ఏదో ఒక పేచీ ఉన్నవి పార్ట్ బి. ఇంజనీరుగా నాకు ఇది తప్పు అనిపించదు. పాడు మెసేజీల కోసం మంచి మెసేజీలను ఆపకూడదు, పక్కకి తీసి పెట్టాలి. మనమైనా అదే చేస్తాం.

పార్ట్ బి లోకి ఏమేం పోయాయో చూడండి. కోర్టు కేసుల్లో ఉన్నవి. అడవిదా రెవెన్యూదా తేలనివి. ఇంకా నన్ను బాగా ఆకర్షించింది విస్తీర్ణం తేడాలు. ఒక సర్వే నంబరు ఉంటుంది. తాత పోయాక కొడుకులు, వాళ్ళ కొడుకులు పంచుకుని అ, ఆ, ఇ అని బై నంబర్లు అవుతాయి. ఈ ముక్కలన్నీ కూడితే అసలు సర్వే రిజిస్టరులో ఉన్న విస్తీర్ణంతో సరిపోవాలి. సరిపోదు. ఎవరో ఎప్పుడో ఒక రెండు గుంటలు ఎక్కువ రాయించుకుని ఉంటారు, లేదా రాసినాయన చేతిలో తప్పు పడి ఉంటుంది. దీన్ని అక్కడ ఆర్‌ఎస్‌ఆర్ తేడా అంటారు. స్ప్లిటర్‌తో ముక్కలు చేసి, అగ్రిగేటర్‌తో మళ్ళీ కలిపేటప్పుడు లెక్క తేలకపోవడం అంటే ఏమిటో బ్యాచి జాబులు రాసిన ప్రతివాడికీ తెలుసు. తప్పు ఒక ముక్కలో ఉంటుంది, చిక్కుకునేది మొత్తం సర్వే నంబరు. రెండు గుంటల తేడాకి, ఏ పాపం ఎరగని దాయాది ఆరెకరాలు కూడా ఆగిపోగలవు.

ఆ తర్వాత 2020. ఆ సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు, పట్టాదారు పాసుపుస్తకాల కొత్త చట్టం చేశారు. అక్టోబరు 29న ధరణి మొదలైంది. వ్యవసాయ భూమికి తహసీల్దారే జాయింట్ సబ్‌రిజిస్ట్రారు అయ్యాడు. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట, ఒకే కూర్చోడంలో. ఇక్కడ నేను లేచి నిలబడి చప్పట్లు కొడతాను. రెండు సిస్టముల మధ్య మెసేజీ పోతుందో లేదో అన్న బాధ ఉన్నప్పుడు, అసలు ఆ మెసేజీ అవసరమే లేకుండా రెంటినీ ఒకే ట్రాన్సాక్షన్ చేసెయ్యడం కంటే మంచి డిజైను లేదు. నెలల పని అదే రోజు అయిపోయేది. పార్ట్ ఎ లో ఉండి, పేచీలేని రైతుకి అది నిజంగా బాగుండింది. ఆ మాట ఒప్పుకోకుండా మిగతా మాట్లాడటం న్యాయం కాదు.

మరి అదర్‌వైజ్? తరవాత నాలుగేళ్ళు ఊళ్ళల్లో తిరిగిన మాట మీకూ గుర్తుండే ఉంటుంది. "ఆప్షన్ లేదు." పాసుపుస్తకంలో విస్తీర్ణం తక్కువ పడింది సార్. ఆప్షన్ లేదు. సర్వే నంబరు ఒకటి ఎగిరిపోయింది. ఆప్షన్ లేదు. వెనకటి వీఆర్వో మంచివాడో చెడ్డవాడో, ఊరి రికార్డు నోటికి వచ్చిన మనిషి. ఫలానా మల్లయ్య, ఫలానా మల్లేశం ఒకరే అని ఆయనకు తెలుసు. మ్యాచి కాని కేసులకి ఆయనే అదర్‌వైజ్. ఆయన లంచం తినేవాడన్నది నిజం. ఆయన్ని తీసేశాక ఆయన చేసే ఆ రెండో పని ఎవరు చెయ్యాలన్నది ఎక్కడా రాయలేదన్నదీ నిజం.

అప్పట్లో మా చిన్నాయన పేపరు చదువుతూ నన్ను అడిగాడు. "గంత పెద్ద కంప్యూటర్ పెట్టిండ్రు గదరా, దానికి తెల్వనిది వస్తె ఎవర్ని అడుగుతది?" నలభై పేజీల డిజైను డాక్యుమెంట్లు రివ్యూ చేశాను గానీ, ఇంత సూటి ప్రశ్న వాటిలో ఎప్పుడూ కనబడలేదు.

కొన్ని ఆప్షన్లు తర్వాత వచ్చాయి. ఒక్కో రకం సమస్యకి ఒక్కో మాడ్యూలు చేర్చుకుంటూ పోయారు. వాటిల్లో పేరు మోసింది టీఎం-33, పాసుపుస్తకంలో తప్పుల సవరణకి. దరఖాస్తు మీ సేవలో పెట్టొచ్చు. తేల్చాల్సింది మాత్రం జిల్లా కలెక్టరు. పేరులో అక్షరం తప్పు దగ్గర్నుంచి పోయిన సర్వే నంబరు దాకా అన్నీ ఆయన టేబులు మీదికే. జిల్లాలో ఉన్న మండలాలన్నిటి నుంచీ వచ్చేవాటికి ఒకే ఒక్క కన్స్యూమర్! క్యూ పెరక్క ఏమవుతుంది? మండలంలో ఉన్న తహసీల్దారుకి మెసేజీ కనబడుతుంది, పొలం ఎక్కడుందో తెలుసు, దరఖాస్తుదారుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. విప్పి సరిచేసే అధికారం లేదు. 2024 ఫిబ్రవరి చివర్లో లెక్క తీస్తే ధరణిలో తేలకుండా ఉన్న దరఖాస్తులు రెండు లక్షల పైచిలుకు. మార్చిలో కొత్త ప్రభుత్వం స్పెషల్ డ్రైవు పెట్టి, ఏ రకం తప్పుని ఎవరు సరిచెయ్యొచ్చో తహసీల్దారుకి, ఆర్డీవోకి, అదనపు కలెక్టరుకి పంచి ఇచ్చింది. కాంపిటింగ్ కన్స్యూమర్స్ అని మనం పిలిచేదే. కాకపోతే మనం ఇంకో నాలుగు త్రెడ్లు పెంచి ఊరుకుంటాం. ఇక్కడ పెంచాల్సి వచ్చింది అధికారాన్ని.

సాదా బైనామాల కథ ఇంకా చిత్రం. తెల్లకాగితం మీద రాసుకుని కొన్న పొలాలు, మా వైపు పాతకాలం కొనుగోళ్ళలో బోలెడు. వాటిని క్రమబద్ధం చేస్తామని 2020లో దరఖాస్తులు పిలిచారు. నవంబరు దాకా గడువు, తొమ్మిది లక్షల దాకా వచ్చాయి. అయితే వాటిని తేల్చాల్సిన 1971 నాటి చట్టం అక్టోబరు 29నే రద్దయిపోయింది. కొత్త చట్టంలో ఆ దారి లేదు. హైకోర్టు ఆపమంది. అంటే రిసీవరుని తీసేసిన తర్వాత కూడా క్యూ తెరిచే ఉంచి మెసేజీలు తీసుకున్నట్టు. అవి అలాగే ఉండిపోయాయి. 2025లో భూభారతి చట్టం వచ్చాక గానీ వాటికి మళ్ళీ ఒక దారి అంటూ ఏర్పడలేదు.

ఆలస్యమైతే ఏమవుతుంది, ఎప్పటికైనా రీప్లే చెయ్యొచ్చు కదా అని మన రంగంలో ఒక ధీమా ఉంది. డెడ్ లెటర్ క్యూ అంటే భద్రంగా దాచిపెట్టినట్టే కదా అని. ఇక్కడే నాకు వణుకు పుట్టేది. ఈ భూమి రికార్డు ఒక్కటే కాదు, దాని వెనక వరసగా సిస్టములున్నాయి. 2018లో రైతుబంధు వచ్చింది. పంటకి ఎకరానికి 4000, తర్వాత 5000 రూపాయలు. మొదటి విడత చెక్కులు పంచారు, తర్వాత నేరుగా బ్యాంకు ఖాతాలోకి. పాసుపుస్తకం డేటాలో పేరుంటేనే. పార్ట్ బి లో ఉన్నవాడికి విడత విడతకీ సున్నా. సరే, డబ్బు. ఏ ప్రభుత్వమైనా తలుచుకుంటే వెనకటిది లెక్కగట్టి ఇవ్వొచ్చు అనుకుందాం.

అదే ఏడాది ఆగస్టులో రైతుబీమా కూడా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ళ మధ్య రైతు ఏ కారణంతో చనిపోయినా ఎల్‌ఐసీ నుంచి ఇంటికి 5 లక్షలు. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. ఎంతో మంచి పథకం. దానిక్కూడా పాసుపుస్తకమే ఆధారం. పొలం మీద నలభై ఏళ్ళు బతికిన మనిషి, రెండు గుంటల తేడాకి పాసుపుస్తకం ఆగిపోయి, ఆ ఏడే పోతే? రెండేళ్ళకి రికార్డు సరిచేసి మెసేజీ రీప్లే చేస్తారు. మెసేజీ ఈసారి చక్కగా చేరుతుంది. కానీ బీమాలో చేర్చుకోవడానికి మనిషి బతికి ఉండాలి. ఏ క్యూ మాన్యువల్లోనూ దీని గురించి రాసి ఉండదు. మెసేజీ ఎంతకాలం దాచినా పాడవదు, దాని వెనక ఉన్న అవసరానికి మాత్రం గడువు ఉంటుంది.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి మొదలైంది. తహసీల్దారు ఆర్డరు మీద ఆర్డీవోకి, ఆయన మీద కలెక్టరుకి అప్పీలు చేసుకునే వీలు కల్పించారు. అదే ఏడాది ఊళ్ళకి గ్రామ పాలనాధికారులను కూడా వేశారు. అంటే వీఆర్వో కుర్చీ ఇంకో పేరుతో తిరిగొచ్చింది. పాత జబ్బులు కూడా దానితో వస్తాయా అన్నది చూడాలి. నా అంచనా అడిగితే, వస్తాయి. అయినా కుర్చీ ఖాళీగా ఉండటం కంటే నయమే అంటాను.

ఇక మన ఆఫీసుల సంగతి. కొన్నేళ్ళ కిందట ఒక బీమా కంపెనీ ప్రాజెక్టులోకి నన్ను మధ్యలో పంపారు. ఎవరిదో ఎందుకులెండి. అన్నీ బాగున్నాయి, చిన్న చిన్న మార్పులే అన్నారు. మొదటి వారం అలవాటు ప్రకారం డెడ్ లెటర్ క్యూ లోతు ఎంతో చూశాను. పదకొండు వేల చిల్లర. అలర్టు లేదా అంటే, ఉంది. క్యూలో వంద దాటితే మెయిలు పోతుంది. ఎవరికి పోతుంది? ఒక గ్రూపుకి. ఆ గ్రూపులో ఆరుగురు సభ్యులు, ఆరుగురూ కంపెనీ వదిలేసి వెళ్ళిపోయారు. రోజూ పొద్దున్నే ఒక కంప్యూటరు ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టి వెళ్ళిపోతోందన్నమాట, రెండేళ్ళుగా.

విప్పి చూస్తే సగం చెత్త. టెస్టు డేటా, డూప్లికేట్లు. మిగతా వాటిలో కొత్తగా మొదలుపెట్టిన ఒక కట్టుబడి పద్ధతి కోడుతో వచ్చిన ప్రీమియం రసీదులున్నాయి. ఆ కోడు రౌటర్లో ఏ వెన్‌కీ పడదు. డబ్బు బ్యాంకుకి చేరింది, పాలసీ సిస్టముకి కబురు చేరలేదు. కట్టినవాళ్ళ పాలసీలు కట్టలేదని ల్యాప్సు అయ్యాయి. కాల్ సెంటరుకి ఫోన్లు వచ్చాయి కూడా. వాళ్ళు ఒక్కొక్కటీ విడిగా సరిచేస్తూ పోయారు, ఇదంతా ఒకే కారణమని ఎవరికీ తట్టలేదు. తట్టినా ఆ క్యూ చూసే పర్మిషను వాళ్ళకి లేదు. మొదటి వరస సపోర్టు కుర్రాడికి చూసే పర్మిషనుంది, రీప్లే చేసేది లేదు. రీప్లే చెయ్యగల అడ్మిన్‌కి రసీదు అంటే ఏమిటో తెలియదు.

కోడు మార్పు అరపూట పని. ఒక వెన్ ఎక్కువ, అంతే. రీప్లేకి పది రోజులు పట్టింది, ఎందుకంటే కాల్ సెంటరు ఇప్పటికే సరిచేసినవాటికి మళ్ళీ రసీదు పడకూడదు కదా. అసలు యుద్ధం తర్వాత జరిగింది. ఈ క్యూకి ఓనరు ఎవరు? ఆపరేషన్స్ వాళ్ళు ఇది టెక్నాలజీ అన్నారు. టెక్నాలజీ వాళ్ళు ఇది బిజినెస్ డేటా అన్నారు. ఆడిటు వాళ్ళు ఎవరైనా సరే మార్చడానికి వీల్లేదన్నారు. మూడు నెలలు మీటింగులు. చివరికి ఆపరేషన్స్‌లో ఇరవై ఏళ్ళుగా ఉన్న ఒకావిడకి ఒక స్క్రీను కట్టిచ్చాం. ప్రతి మెసేజీ పక్కన అది ఎందుకు ఆగిందో మామూలు ఇంగ్లీషులో కారణం, కింద రెండు బటన్లు. ఒకటి సరిచేసి పంపడానికి, రెండోది కారణం రాసి పారెయ్యడానికి. ఏది నొక్కినా ఆవిడ పేరు, టైము రికార్డవుతాయి. ఆడిటు వాళ్ళు దానితో ఊరుకున్నారు.

అప్పట్నుంచి డిజైను రివ్యూలో రౌటర్ డబ్బా కనబడితే వెన్‌లు తర్వాత చూస్తాను. అదర్‌వైజ్ బాణం ఎక్కడ ఆగిందో అక్కడ ఒక మనిషి పేరు రాయమంటాను. టీము పేరు కాదు, మనిషి పేరు, ఆ మనిషి ఏ బటను నొక్కగలడో. కుర్రాళ్ళు విసుక్కుంటారు. "ఆ కేసు రాదు సార్" అంటారు. రాని కేసుకి పేరు రాయడానికి ఖర్చేముంది, రాయండి అంటాను.

ఆవిడకి నేనా ప్రాజెక్టు వదిలాక కూడా అప్పుడప్పుడు ఫోను చేస్తుంటాను. పోయిన నెల అడిగితే క్యూలో పదిహేడు ఉన్నాయంది. పద్నాలుగు ఆ పూటే పంపించేస్తానంది. మిగతా మూడింటికి కట్టినవాళ్ళ ఫోన్ నంబర్లు దొరకలేదట, బ్రాంచికి మనిషిని పంపిందట.